కీబోర్డు కొనేముందు మీ మణికట్టు చూసుకోండి

మొన్న శనివారం బెంగళూరు ఎస్పీ రోడ్డులో ఒక కుర్రాడు కీబోర్డు కొంటుంటే పక్కనే ఉన్నాను. మనవాడే, ఫోన్లో తెలుగు మాట్లాడుతున్నాడు. రంగురంగుల లైట్లు వెలిగేది తీసుకుని, నాలుగు కీలు టకటకా కొట్టి, చప్పుడు బాగుందని డబ్బులిచ్చేశాడు. చెబుదామని నోటిదాకా వచ్చింది, చెప్పలేకపోయాను. అప్పట్నుంచీ మనసులో అదే తిరుగుతోంది.

నాకు కుడి మణికట్టులో, చిటికెన వేలి వైపు నొప్పి మొదలై రెండేళ్లయింది. మారతహళ్లి ట్రాఫిక్‌లో బైకు నడిపీ నడిపీ వచ్చిందనుకున్నాను. పొద్దున టీ గ్లాసు ఎత్తితే చురుక్కుమనేది. చివరికి ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్తే, టైప్ చేస్తున్నట్టు చేతులు బల్ల మీద పెట్టమన్నారు. పెట్టాను. మోచేతులు భుజాలంత ఎడంగా ఉన్నాయి, వేళ్లేమో మధ్యలో జానెడు చోట ఇరుక్కున్నాయి. ముంజేతులు ఏటవాలుగా లోపలికి వస్తుంటే, అరచేతులు చిటికెన వేళ్ల వైపు వంగిపోయాయి. "రోజుకు ఎన్ని గంటలిలా?" అన్నారు. తొమ్మిది.

చూసుకోవాల్సింది ఆ వంపే. రెండు ముక్కలుగా విడిపోయే స్ప్లిట్ కీబోర్డు అయితే ఒక్కో ముక్కను ఒక్కో భుజానికి ఎదురుగా పెట్టుకోవచ్చు, మణికట్టు తిన్నగా ఉంటుంది. ఇదేమీ కొత్త ఫ్యాషన్ కాదు. మధ్యలో విడదీసిన మైక్రోసాఫ్ట్ నేచురల్ కీబోర్డు 1994లోనే వచ్చింది. మనం వాడే మామూలు కీబోర్డులో ఒక వరుస కింద ఇంకో వరుస పక్కకు జరిగి ఉండటానికి కారణం టైప్‌రైటర్ కడ్డీలు. అవి ఒకదానికొకటి తగలకుండా అలా పెట్టారు. ఇప్పుడు లోపల కడ్డీలే లేవు, మన వేళ్లు మాత్రం ఆ వంకర దారిలోనే పోతున్నాయి.

కీబోర్డు వెనక రెండు బుల్లి కాళ్లుంటాయి. దయచేసి వాటిని ఇవాళే మడిచేయండి. అవి లేపితే అరచెయ్యి వెనక్కి విరుచుకుంటుంది. అంకెల పని లేనివాళ్లు నంబర్ ప్యాడ్ లేని 87 కీలది తీసుకుంటే మౌస్ దగ్గరికొస్తుంది. నా భుజం నొప్పి సగం దాంతోనే పోయింది. కీల కింద ఉండే స్విచ్‌లలో ఏ రకం మంచిదని గంటలు వాదించుకుంటారు గానీ, చెర్రీ రెడ్ లాంటిది 45 గ్రాముల ఒత్తిడికి, 2 మిల్లీమీటర్లు దిగగానే అక్షరం వేస్తుంది. అడుగుదాకా గుద్దక్కర్లేదు.

ఆఫీసులో స్ప్లిట్ కీబోర్డు అడిగితే "పాలసీలో లేదు" అన్నారు. కుర్చీకి వేలకు వేలు పోసినవాళ్లే! డాక్టరు చీటీ చూపించినా అదే మాట. ఆ కోపం ఇంకా పోలేదు. నా డబ్బు పెట్టి కొనుక్కున్నాను.

మొదటి రెండు వారాలు ఏడుపొచ్చింది. ఇన్నేళ్లూ 'బి' కీని కుడి చేత్తో కొడుతున్నానని అప్పుడే తెలిసింది. అది ఎడమ ముక్కలో ఉంటే, నా కుడి చూపుడు వేలు ఖాళీ బల్లను పొడిచేది. మూడో వారానికి కుదురుకుంది. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల కోసం చేసిన కీల అమరిక) అయితే దీని మీద హాయిగా ఉంది. హల్లులు ఎక్కువగా కుడి చేతికి, గుణింతాలు ఎడమ చేతికి వస్తాయి కదా. 'తెలుగు' కొట్టి చూడండి: త కుడి, ఎత్వం ఎడమ, ల కుడి, కొమ్ము ఎడమ, గ కుడి, కొమ్ము ఎడమ.

షాపులో అయిదు నిమిషాలు నొక్కితే ఇవేవీ తెలియవు. మారతహళ్లి చుట్టుపక్కల ఎవరికైనా చెయ్యి నొప్పి ఉంటే మెసేజ్ పెట్టండి, నాది మూడు వారాలు తీసుకెళ్లండి. అన్నాళ్లూ ల్యాప్‌టాప్ కీలతో సర్దుకుంటాను.