మంచం కింది గుడ్డముక్కల మూటకు రాయునది

మహాలక్ష్మీ సమానురాలైన గుడ్డముక్కల మూటకు, నిన్ను 12 ఏళ్ళుగా మేపుతున్న ఇంటావిడ నమస్కరించి రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. నువ్వు క్షేమమో కాదో అడగక్కర్లేదు, నిన్న రాత్రి ఫోను ఛార్జర్ కోసం మంచం కింద చెయ్యి పెడితే మోచేతి దాకా మెత్తగా తగిలావు.

నువ్వు మా ఇంటికి వచ్చినప్పుడు ఒక చిన్న క్యారీబ్యాగువి, గుర్తుందా? రెండేళ్ళకి దిండు గలీబులోకి మారావు. ఆ తర్వాత పాత దుప్పటి పరిచి, నాలుగు చెంగులూ ముడేసి, నిన్ను పూర్తిస్థాయి మూటని చేశాను. మొన్న గ్యాస్ సిలిండర్ తెచ్చిన అబ్బాయి దగ్గర కాటా కనిపిస్తే సిగ్గు విడిచి అడిగి నిన్ను తగిలించి చూశాను. 11 కిలోలు! మా అబ్బాయి ఏడాదిన్నరకి గానీ అంత బరువు రాలేదు, వాడికి రోజుకి మూడు పూటలా ఉగ్గు పెట్టాను, నీకు పెట్టిందల్లా జాకెట్టు కోయగా మిగిలిన నెలవంకలు.

అవును, నెలవంకలే. జాకెట్లు నేను ఇంట్లోనే కుట్టుకుంటాను కదా, మెడ దగ్గర ఒకటి, చంకల దగ్గర రెండు, ఇలా వంకర ముక్కలు తప్ప చదరంగా ఒక్కటీ మిగలదు. వెనక మెడ కిందకి దించే ఫ్యాషన్ వచ్చాక నీ నెలవంక కాస్తా అర్ధచంద్రుడైంది. ఫ్యాషన్ వల్ల ఈ ఇంట్లో లాభపడింది నువ్వొక్కదానివే. ఆ ముక్క చేతిలోకి తీసుకోగానే "ఎంత బాగుందో, ఎందుకైనా పనికొస్తుంది" అని నా నోటి నుంచి వస్తుంది చూడు, ఆ మాటతోనే నువ్వు బతుకుతున్నావు. ఆ "ఎందుకైనా" ఎందుకో ఇంతవరకూ తేలలేదు.

ఒక్కసారి తేలింది, చెప్పకపోతే నీకు అన్యాయం చేసినట్టవుతుంది. పిన్ని కూతురి మెరూన్ జాకెట్టు చంక దగ్గర చిరిగింది. ఆ గుడ్డ ముక్క నీ దగ్గర ఉందని నాకు ఖచ్చితంగా తెలుసు, ఎందుకంటే ఆ జాకెట్టు కుట్టింది నేనే. మధ్యాహ్నం 2 గంటలకి నీ ముడి విప్పాను. 5 అయ్యేసరికి హాలంతా గుడ్డలు, మధ్యలో నేను, పాతికేళ్ళనాటి లంగా ముక్క ఒకటి దొరికితే దాన్ని చూసుకుంటూ కూర్చున్నాను, మెరూన్ ముక్క మాత్రం లేదు. చివరికి మ్యాచింగ్ సెంటర్‌కి వెళ్ళి 2 బై 2 రూబియా పావు మీటరు కొనుక్కొచ్చాను. నాకు కావలసింది అరచేతంత ముక్క. మిగిలింది ఎక్కడికి వెళ్ళిందో నీకు తెలుసు. మెరూన్ ముక్క మూడు రోజుల తర్వాత దొరికింది, నా వంటింటి మసిగుడ్డకి అంచుగా కుట్టి ఉంది.

ఇక పేరంటాల జాకెట్టు ముక్కల సంగతి. శ్రావణమాసం వచ్చిందంటే తాంబూలంతోపాటు అవి ఒళ్ళో పడతాయి. బిరుసుగా ఉంటాయి, చెమట పీల్చవు, ఆకుపచ్చ అంటే కళ్ళు చెదిరే ఆకుపచ్చ. వాటితో జాకెట్టు కుట్టించుకున్న మనిషిని నేనింతవరకూ చూడలేదు. ఈ ఇంటివాళ్ళు ఆ ఇంటికి, ఆ ఇంటివాళ్ళు ఇంకో ఇంటికి పెట్టుకుంటూ పోవడమే వాటి ఉద్యోగం. నేను మూడేళ్ళ కిందట మూల మీద పసుపు మరక పడిన నారింజ రంగు ముక్కని పక్క వీధిలో ఒకావిడకి పెట్టాను, కిందటి శ్రావణంలో అదే ముక్క, అదే మరకతో, కుంకుమ బొట్టొకటి అదనంగా పెట్టించుకుని నా దగ్గరికి తిరిగొచ్చింది. ఊరంతా తిరిగిన దాన్ని మళ్ళీ బయటికి పంపడానికి మనసొప్పక నీలో కలిపేశాను. అలాంటివి ఇప్పుడు నీ దగ్గర 19 ఉన్నాయి.

నిన్ను వదిలించుకోవాలని ప్రయత్నించలేదనుకోకు. పాత బట్టలకి స్టీలు సామాన్లిచ్చే ఆమె వచ్చినప్పుడు నిన్ను మెట్ల మీదుగా ఈడ్చుకుంటూ దించాను. ఆమె ముడి విప్పి, రెండు వేళ్ళతో ఒక ముక్క ఎత్తి, నా వైపు చూసింది. "చీరలుంటే ఇవ్వమ్మా, ప్యాంట్లుంటే ఇవ్వు. వీటికి నేనేమిచ్చేది? ఉట్టినే ఇచ్చినా మోసుకెళ్ళలేను తల్లీ" అంది. నిన్ను మళ్ళీ పైకి మోసుకొచ్చింది నేనే. పాత పట్టుచీరలు కొనేవాళ్ళు సరే, అంచులో వెండి జరీ ఉంటే తప్ప వాళ్ళు గుమ్మం ఎక్కరు.

అప్పుడే నాకు సర్దుడు జబ్బు పట్టుకుంది. వీడియోల్లో చూస్తే అమెరికా ఆడవాళ్ళు గదికి గది గుడ్డముక్కలకే కేటాయించి ఇంద్రధనుస్సు వరసలో పేర్చుకుంటున్నారు, చూస్తుంటే కడుపు నిండిపోతుంది. ఇంకో చోద్యం విను. అక్కడ కొత్త తాను గుడ్డని 5 అంగుళాల చదరాలుగా కోసి, పొట్లం కట్టి, డబ్బుకి అమ్ముతారు! రెండున్నర అంగుళాల పట్టీలు కోసి చుట్టచుట్టి దానికి జెల్లీ రోల్ అని పేరు పెట్టారు, తినేది కాదు. మన టైలరు దగ్గర బల్ల కింద చీపురుతో ఊడ్చే సరుకు అది. మీ జాతికి అక్కడ ఉన్న పరపతి చూసి నీ మీద నాకు కొత్త గౌరవం పుట్టింది.

వెంటనే మూతలున్న ప్లాస్టిక్ డబ్బాలు 6 కొన్నాను, ఆ డబ్బుతో మంచి దుప్పటి వచ్చేది, సరే. రంగుల ప్రకారం సర్దడం మొదలుపెట్టాను. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దాకా బాగానే నడిచింది. పోచంపల్లి ముక్క ఒకటి వచ్చింది, అందులో ఎరుపూ ఉంది, నలుపూ ఉంది, తెలుపూ ఉంది, దీన్ని ఎక్కడ పెట్టాలి? పెడన కలంకారీ ముక్క వచ్చింది, దాని రంగు పేరు మా ఇంట్లో నలుగురం నాలుగు రకాలుగా చెప్పాం. మా అత్తయ్య అది ఇటుక రంగంది, మా అమ్మాయి రస్ట్ అంది, మా ఆయన "బ్రౌనే కదా" అని పేపర్లోకి వెళ్ళిపోయారు. రంగు పక్కనపెట్టి సైజు ప్రకారం సర్దాను. సైజు కుదరక గుడ్డ రకం ప్రకారం సర్దాను, అంటే ఒక ఆదివారం కాదు, మూడు ఆదివారాలు. చివరికి ఒక డబ్బా మీద "ఇతరములు" అని రాసి అంటించాను. నెల తిరక్కుండా మిగతా అయిదు డబ్బాల్లోవీ అందులోకే వలస వచ్చేశాయి, పట్టక మళ్ళీ దుప్పటిలో మూట కట్టాను. ఇప్పుడు ఒక డబ్బాలో కందిపప్పు, ఒకదాంట్లో మందులు, మిగతావాటిలో ఏమున్నాయో తీసి చూడాలి.

ఆ నెలంతా నేను చాలా పని చేస్తున్నట్టే అనిపించిందే! ముక్కల్ని ఇస్త్రీ చేశాను, మడతపెట్టాను, కొలిచాను, డబ్బాల మీద పేర్లు రాశాను, ఫొటోలు తీసి అక్కచెల్లెళ్ళ గ్రూపులో పెడితే "నీ ఓపికకి దండం" అన్నారు. సూదిలో దారం మాత్రం ఎక్కించలేదు. కుట్టకుండా తప్పించుకోవడానికి సర్దడాన్ని మించిన మర్యాదైన సాకు లేదని, ఆ సాకుకి నువ్వు 11 కిలోల సాక్ష్యమని నాకు ఆలస్యంగా తెలిసింది.

ఒక్క బొంత కుట్టాను కదా అంటావా? చెప్పుకుందాం దాని గురించి కూడా. ముందు లెక్క వేశాను. ఒంటి మంచానికి 60 అంగుళాల వెడల్పు, 90 పొడవు అనుకుందాం. 5 అంగుళాల చదరపు ముక్క తీసుకుని నాలుగు వైపులా పావు అంగుళం కుట్టుకి వదిలితే కనబడేది నాలుగున్నర. అంటే వరసకి 13 చొప్పున 20 వరసలు, 260 ముక్కలు. గుడ్డలో దాదాపు అయిదో వంతు కుట్టు లోపలికే పోతుంది. పోనీ చిన్న ముక్కలు వృథా కాకూడదని రెండున్నర అంగుళాలవి వాడితే? 1350 ముక్కలు కావాలి, పైగా గుడ్డలో మూడో వంతు కంటే ఎక్కువే కుట్టు మింగేస్తుంది. ఎంత చిన్న ముక్క దాచుకుంటే అంత ఎక్కువ గుడ్డ వృథా! పొదుపు పేరుతో నువ్వు నాకు 12 ఏళ్ళుగా చెబుతున్న కథ ఈ లెక్క దగ్గర ఆగిపోయింది.

అయినా పంతం కొద్దీ 260 కోశాను. నెలవంకల్లోంచి చదరాలు కోస్తే ఏం మిగులుతాయి? ఇంకా చిన్న నెలవంకలు. అవీ నీకే. రూబియా, జార్జెట్, చీరాల నూలు, శాటిన్, ఏది చేతికొస్తే అది పక్కపక్కన పెట్టి మిషను మీద కుట్టేశాను. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది, వచ్చిన వాళ్ళందరికీ చూపించాను. మొదటి ఉతుకు దాకానే ఆ సంబడం. నూలు ముక్కలు కుంచించుకుపోయాయి, జార్జెట్ మాత్రం ఉన్నచోటే ఉంది, బొంత మొత్తం వేయించిన అప్పడంలా పైకి లేచింది. ఎర్ర ముక్క ఒకటి రంగు వదిలి తెల్లవాటన్నిటినీ గులాబీ చేసింది. నూలుని ముందే నీళ్ళలో జాడించి ఆరేసుకోవాలని, నూలు నూలుతోనే పోవాలని, జారే గుడ్డల్ని దాని దరిదాపుల్లోకి రానివ్వకూడదని ఆ రోజు నేర్చుకున్నాను. మా ఆయన చూసి "గంతకు తగ్గ బొంత" అన్నారు. గంత ఎవరని అడిగితే జవాబు లేదు.

మా నాయనమ్మ ఉంటే ఇంత దూరం రానిచ్చేది కాదు. తెనాలి దగ్గర పల్లెలో వాళ్ళ ఇల్లు, పంటలు ఇంటికొచ్చాక వసారాలో బొంతలు కుట్టేది. ఆవిడ సర్దుడంతా ఎంతసేపో తెలుసా, అయిదు నిమిషాలు. గుడ్డని ఎండకి ఎత్తి పట్టుకుని చూసేది, వెలుతురు ఎంత దిగుతుందో చూసుకుని రెండు చేతులా పట్టి ఒక్క లాగు లాగేది. పర్రుమని చిరిగితే మసిగుడ్డ. ఆగితే బొంత. అస్సలు పనికిరాకపోతే పొయ్యి దగ్గరికి. అందులో "ఎందుకైనా" అనే కుప్ప లేదు, "ఇతరములు" లేవు. అడుగున ఒక ముతక చీర పరిచి, దాని మీద చిరిగిన పంచెలు, లంగాలు పొరలు పొరలుగా వేసి, పైన కాస్త బాగున్న చీర కప్పి, జరగకుండా నాలుగు మూలలా రాళ్ళు పెట్టేది. రోకలిబండ కూడా ఒక మూల కాపలా ఉండేది. పక్కింటి అమ్మమ్మ అటు, ఈవిడ ఇటు కూర్చుని దబ్బనంతో కుట్టుకుంటూ వస్తే కుట్లు వరసగా ఉండేవి కావు, ఊళ్ళో ఎవరి గురించి మాట్లాడుకుంటున్నారో దాన్నిబట్టి ఎడమయ్యేవి, దగ్గరయ్యేవి. ఆ బొంత తడిస్తే పిండడానికి ఇద్దరు కావాలి. మేం ఆరుగురు పిల్లలం దాని మీదే పడుకునేవాళ్ళం. ఆ ఇంట్లో నీలాంటి మూటని చూసిన గుర్తు నాకు లేదు.

నీకు బంధువులు ఎక్కడెక్కడ ఉన్నారో కూడా తెలుసుకున్నాను, నువ్వు సిగ్గుపడాలనే చెబుతున్నా. అమెరికాలోని అలబామాలో జీస్ బెండ్ అనే చోట నల్లజాతి ఆడవాళ్ళు పొలంలో చిరిగిన ప్యాంట్లతో, చొక్కాలతో కుట్టుకున్న బొంతలు 2002లో న్యూయార్క్ విట్నీ మ్యూజియం గోడలెక్కాయి, 2006లో తపాలా బిళ్ళల మీదికొచ్చాయి. అక్కడి వాళ్ళకి 1972లో సియర్స్ కంపెనీ కార్డురాయ్ అనే గీతల మందపు గుడ్డతో దిండు గలీబులు కుట్టే పని ఇస్తే, మిగిలిన కార్డురాయ్ ముక్కల్ని కూడా వదల్లేదు, బొంతల్లోకి ఎక్కించేశారు. అంత దూరం ఎందుకు, పక్కనే కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో, ఆఫ్రికా మూలాలున్న సిద్దీ ఆడవాళ్ళు పాత బట్టల ముక్కలతో కవంది అనే బొంతని అంచుల నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యకి కుట్టుకుంటూ వస్తారు, నాలుగు మూలలా గుడ్డముక్కల్ని మడిచి పువ్వుల్లా కుడతారు. బెంగాల్లో కాంతా అనే బొంతలు కుట్టేవాళ్ళు దారం కూడా కొనకుండా పాత చీర అంచులోంచే లాక్కునేవాళ్ళు. వాళ్ళెవరూ ముక్కల్ని ఇంద్రధనుస్సులా పేర్చి ఫొటో తీసుకున్న దాఖలా లేదు. మన దగ్గరేమో అతుకుల బొంత అనే మాట పేపర్లో సంకీర్ణ ప్రభుత్వాలకి తిట్టుగా మిగిలిపోయింది. నిజం చెప్పాలంటే బొంతకే అవమానం అది, బొంతలో అతుకులు నిలబడతాయి.

కాబట్టి నిర్ణయానికొచ్చాను. వచ్చే ఆదివారం పొద్దున్నే నిన్ను డాబా మీదికి తీసుకెళ్ళి విప్పుతాను. నాయనమ్మ పద్ధతే. ఎండకెత్తి చూడటం, ఒక్క లాగు లాగటం. అరచేతి కంటే చిన్నవి దిండులోకి కూరతాను, కుట్టు అక్కర్లేదు కదా, నెలవంకైనా ఒకటే, చదరమైనా ఒకటే. నూలంతా ఒక పక్క, ముందు నీళ్ళలో జాడించి, మూడు పాత నూలు చీరల మధ్య పెట్టి దబ్బనంతో కుడతాను, వంకరగానే. జార్జెట్ ముక్కలు జడలా అల్లి కాళ్ళు తుడుచుకునే పట్టా చేస్తాను. పేరంటాల ముక్కలు 19 మాత్రం వచ్చే శ్రావణంలో మళ్ళీ ఊరి మీదికి వదిలేస్తాను, వాటి ఉద్యోగం వాటిని చేసుకోనీ. దుప్పటి ఉతికి మంచం మీద వేస్తాను, ఏళ్ళయింది దాని ముఖం చూసి.

ఎదురు చెప్పకు. ముడి బిగించుకోకు.

ఇట్లు,
నీ పోషకురాలు

తా.క. వచ్చే ఆదివారం కుదిరేలా లేదు. మా ఆడపడుచు కూతురికి ఓణీల ఫంక్షన్, ఇప్పుడే ఫోన్ చేసి చెప్పారు. ఉప్పాడ చీర తీశాను కానీ దాని మీదికి జాకెట్టు లేదు, రేపు మ్యాచింగ్ సెంటర్‌కి వెళ్ళాలి. వెనక మెడ కొంచెం కిందకి దించమని మా అమ్మాయి ఒకటే గొడవ.