సవరణ: మెరిసే రేకుకు గాలి ఖాళీ తప్పనిసరి

కొత్త ఇంట్లోకి వేడి చేరకుండా ఏయే పొరలు వేయించాలో వివరిస్తూ, అల్యూమినియం రేకును శ్లాబు అడుగున నేరుగా అతికించి, దానిపై ప్లాస్టరింగ్ చేయించినా వేడి బాగా తగ్గుతుందని ఇంతకుముందు రాశాను. అది తప్పు, సరిచూసుకోకుండా రాసిన పొరపాటు నాదే.

భవన నిర్మాణ భౌతికశాస్త్ర గ్రంథాలూ, రేకు తయారీదారులు ఇచ్చే అమరిక సూచనలూ చెప్పేది ఒక్కటే: మెరిసే ముఖానికి ఎదురుగా గాలి ఖాళీ ఉండాలి, అది సాధారణంగా 20 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. శుభ్రమైన రేకు ఉద్గారత (వేడిని వికిరణంగా వదిలే గుణం, గరిష్ఠం 1) 0.05 దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి, ఖాళీ ఉన్నంతవరకు అది వికిరణ రూపంలో చాలా కొద్ది వేడినే వదులుతుంది. అదే ముఖాన్ని సిమెంటు తాకితే, అల్యూమినియం మంచి ఉష్ణవాహకం కావడంతో, వేడి వహనం ద్వారా నేరుగా దాటిపోతుంది. వేడినీళ్లు పోసిన నిగనిగలాడే స్టీలు గ్లాసు పక్కన చేయి ఉంచితే పెద్దగా సెగ తగలదు, పట్టుకుంటే మాత్రం చుర్రుమంటుంది. ఇక్కడ జరిగేదీ అదే.

మెరిసే ముఖం కిందికి ఉండటమే మేలు, ఎందుకంటే పైకి ఉంటే దుమ్ము పేరుకుని దాని గుణం తగ్గుతుంది.

థర్మోకోల్ పలకల గురించి రాసినదానిలో మార్పు లేదు. వాటి బలం లోపల చిక్కుకున్న గాలిలోనూ మందంలోనూ ఉంటుంది కనుక, 50 మిల్లీమీటర్ల పలకను శ్లాబుకు ఆనించి వేసినా అది పనిచేస్తుంది.

ఇంకా ప్లాస్టరింగ్ కానివారు రేకు పనిని అక్కడితో ఆపి, ముందు చట్రం బిగించి ఖాళీ ఏర్పరచుకోవాలని కోరుతున్నాను.