టార్చి, బూట్లు సరిపోవు

రాత్రిపూట విషసర్పాలను వెతకడానికి మంచి టార్చి, ఎత్తు బూట్లు ఉంటే చాలని ఒక వ్యాసంలో రాశారు. నాకు పేచీ అక్కడే. కింద పాము ఉందేమో చూడాలంటే రాయిని హుక్‌తో (కొక్కెం ఉన్న పొడవాటి కర్రతో) అవతలి అంచు నుంచి మనవైపు లేపాలి. అప్పుడు పాముకూ మనకూ మధ్య ఆ రాయే అడ్డుంటుంది. చాలామంది చేసేది దీనికి రివర్స్!

ఇక ‘చిన్న పామే కదా’ అనే ధీమా ఒకటి. 2001లో మయన్మార్ అడవుల్లో జో స్లోవిన్‌స్కీ అనే సర్పశాస్త్రవేత్త సంచిలో చెయ్యి పెడితే చిన్న కట్లపాము కరిచింది. గాయం కనీకనపడనంత. కొన్ని గంటల్లోనే శ్వాస కండరాలు చచ్చుబడ్డాయి. తోటివాళ్లు నోటితో గాలి ఊదుతూ గంటల తరబడి నిలబెట్టారు, కానీ వాతావరణం బాగోక హెలికాప్టర్ రాలేదు, ప్రాణం దక్కలేదు. ఆసుపత్రి ఎంత దూరం, అక్కడ విరుగుడు మందు ఉందా అన్నది బయల్దేరకముందే కనుక్కోవాలి. వ్యాసంలో ఆ ఊసే లేదు.