మందుల సంచి విప్పడం నేర్పే ఎలక్టివ్ కావాలి

వేసవి సెలవులకు బిష్కెక్, టిబిలిసి, తాష్కెంట్, మనీలాల నుంచి మెడిసిన్ చదివే పిల్లలు నెల్లూరు, కావలి, ఒంగోలు ఇళ్లకు వస్తారు. వచ్చిన వారానికే తల్లిదండ్రులు తెలిసినవాళ్లను పట్టుకుని ఏదో ఒక పెద్దాసుపత్రిలో ‘పోస్టింగ్’ అడుగుతారు. ఎక్కువగా దొరికేది కార్డియాలజీ, లేకపోతే ఆర్థో (ఎముకల ఆపరేషన్) థియేటర్. పిల్లవాడు నలుగురి వెనక నిలబడి యాంజియో చూస్తాడు. నెల గడిచాక సర్టిఫికెట్ తీసుకుని ఫ్లయిట్ ఎక్కుతాడు. ఆ నెలలో ఒక్క రోగి పక్కన కూడా పది నిమిషాలు కూర్చుని మాట్లాడి ఉండడు.

విద్యార్థి తాను ఎంచుకున్న విభాగంలో ఇలా కొన్ని వారాలు గడపడాన్నే ఎలక్టివ్ అంటారు. ఆ నెలను ఫ్యామిలీ మెడిసిన్‌కు, అంటే ఇంటిల్లిపాదికీ ఏ జబ్బుకైనా మొదట చూసే వైద్యానికి, ఇవ్వాలి. పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) అయినా సరే, ఇరవై ఏళ్లుగా ఒకే వీధిలో ప్రాక్టీసు చేస్తున్న జనరల్ డాక్టరు క్లినిక్ అయినా సరే. దానికి మొదటి కారణం భాష. ఈ పిల్లలు పాఠం ఇంగ్లిషులో వింటారు, వార్డులో రోగి మాట్లాడేది రష్యనో, కిర్గిజో, జార్జియనో. మధ్యలో ఎవరో అనువదిస్తే తప్ప రోగి బాధ వీళ్లకు చేరదు. తెలుగు పిల్లలై ఉండి కూడా తెలుగు రోగి దగ్గర పూర్తి కేసు హిస్టరీ (బాధ, పాత జబ్బులు, మందుల వివరాలు) తీసుకోకుండానే ఆఖరి సంవత్సరానికి వచ్చేస్తారు.

ఆ లోటు ఎంతటిదో ఓపీలో మొదటి గంటలోనే బయటపడుతుంది. ‘కళ్లు తిరగతా ఉండాయి సార్’ అన్న ఒక్క మాట వెనక మూడు వేర్వేరు సంగతులు ఉండొచ్చు. గోడలు చుట్టూ తిరుగుతున్నాయా? లేచి నిలబడగానే చీకట్లు కమ్ముతున్నాయా? నడుస్తుంటే తూలిపోతున్నారా? మొదటిది లోపలి చెవిని, రెండోది రక్తహీనతనో ఎక్కువైన బీపీ మాత్రనో, మూడోది నరాలనో చిన్నమెదడునో అనుమానించమంటుంది. ‘గుండెల్లో గ్యాస్ పట్టేసినట్టుండాది’ అనే యాభై ఏళ్ల షుగర్ మనిషికి చెమటలు కూడా పడుతుంటే గ్యాస్ మాత్ర రాయకూడదు. వచ్చిన పది నిమిషాల్లోపు ఈసీజీ తీయాలి. ఈ ప్రశ్నలు ఏ భాషలో ఎలా అడగాలో పుస్తకం చెప్పదు. అడిగే డాక్టరు పక్కన కూర్చుంటేనే వస్తుంది.

అయితే ముందు నిబంధనల సంగతి తేల్చుకోవాలి. కొన్ని కన్సల్టెన్సీలు పిల్లల్ని తప్పుదారి పట్టించేది ఇక్కడే. 2021 నవంబరు 18న జాతీయ వైద్య కమిషన్ తెచ్చిన విదేశీ వైద్య పట్టభద్రుల నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి. ఆపైన 12 నెలల ఇంటర్న్‌షిప్ కూడా అదే విదేశీ సంస్థలో చేయాలి. శిక్షణలో ఏ భాగాన్నీ ఇండియాలోగానీ, డిగ్రీ ఇచ్చే దేశం కాకుండా మరో దేశంలోగానీ చేయకూడదు. అంటే నెల్లూరులో చేసిన ఎలక్టివ్ నేర్చుకోవడానికి మాత్రమే పనికొస్తుంది, కోర్సులో లెక్కకు రాదు. ‘ఆరో ఏడు అమెరికాలో క్లినికల్స్’ అని అమ్మే ప్యాకేజీలు ఇంకా ప్రమాదం. ఆ నెలలు ట్రాన్‌స్క్రిప్టులో (కాలేజీ ఇచ్చే చదువు వివరాల పత్రంలో) కోర్సు భాగంగా ఎక్కితే, ఇక్కడ రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేసిన రోజున చిక్కు తెలుస్తుంది. అప్పటికి దిద్దుకునే దారి ఉండదు. అందుకే సెలవుల్లో చేసే ఏ ఎలక్టివ్‌కైనా సొంత కాలేజీ నుంచి ముందే ఒక ఉత్తరం తీసుకోవాలి. అది స్వచ్ఛందమనీ, 54 నెలల్లో భాగం కాదనీ అందులో స్పష్టంగా ఉండాలి.

ఇంకో సంగతి కూడా ఉంది. ఇక్కడ రిజిస్ట్రేషన్ లేని విద్యార్థి వైద్యం చేయకూడదు. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం 34వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, లేదా 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ‘మా అబ్బాయి సెలవుల్లో నర్సింగ్‌హోంలో ఇంజెక్షన్లు వేస్తున్నాడు’ అని ఇంట్లో గర్వంగా చెప్పుకునే మాట నిజానికి భయపడాల్సిన మాట. రోగి ఒప్పుకుంటే హిస్టరీ తీసుకోవచ్చు. డాక్టరు పక్కనుండగా, ఆయన అనుమతితో నాడి, బీపీ చూడొచ్చు. చీటీ రాయడం, సూది వేయడం కూడదు.

ఇక మన నేల సంగతి. ఫ్యామిలీ మెడిసిన్ నేర్చుకోవడానికి ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాల కన్నా మంచి చోటు వెతకడం కష్టం. మన దేశంలో నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్‌ను వైద్య పత్రికలో మొదటిసారి వివరంగా నమోదు చేసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా రోగుల్ని చూసే. ఆనాడు కనిగిరి, పొదిలి ప్రాంతాలు నెల్లూరు జిల్లావే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్లాయి. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఒంట్లోకి పోతే మొదట పళ్ల మీద గారలు, తర్వాత కీళ్లు, వెన్ను బిగిసిపోవడం. కీళ్లవాతం అనుకుని ఏళ్లపాటు నొప్పి మాత్రలు మింగేవాళ్లలో దీన్ని గుర్తుపట్టడానికి ముందుగా ఎక్స్‌రే కూడా అక్కర్లేదు. మోకాళ్లు వంచకుండా కాలివేళ్లు అందుకోమనాలి. గడ్డం ఛాతీకి ఆనించమనాలి. చేతులు పక్కకు చాచి, మోచేతులు మడిచి తల వెనక తాకమనాలి. మూడూ కష్టమైతే ఆ ఊరి నీళ్ల గురించి అడగాలి. చీమకుర్తి గ్రానైట్ క్వారీల దుమ్ముతో వచ్చే దగ్గు, పొలం గట్టు మీద పాముకాటు, రొయ్యల గుంటల్లో పనిచేసేవాళ్ల చర్మ సమస్యలు, ఇవన్నీ ఒకే ఓపీలో వరసగా వస్తాయి.

ఇక మందుల సంచి. ఫ్యామిలీ మెడిసిన్‌లో ఒక్క పని మాత్రమే నేర్పే వీలుంటే ఇదే నేర్పాలి. అరవై దాటిన ఒక పొగాకు కూలీ ప్లాస్టిక్ సంచి బల్ల మీద బోర్లించిందనుకోండి. అందులో ఎక్కువగా కనిపించేది ఇలా ఉంటుంది: బీపీకి ఆమ్లోడిపిన్ 10 మిల్లీగ్రాములు, టెల్మిసార్టన్ 40, అదే టెల్మిసార్టన్ ఇంకో కంపెనీ పేరుతో ఇంకో డాక్టరు రాసింది, కాళ్ల వాపుకు ఫ్రూసెమైడ్, మోకాళ్లకు ఆర్‌ఎంపీ ఇచ్చిన డైక్లోఫెనాక్. షాపులో కత్తిరించి ఇచ్చిన నాలుగు మాత్రల ముక్క మీద పేరు సగమే ఉంటుంది, గడువు తేదీ చిరిగిన అంచుతోపాటు పోయి ఉంటుంది. ఆమెకు మాత్రం అవి ‘పొద్దున తెల్లది, రాత్రి ఎర్రది’.

ఇప్పుడు ముడి విప్పాలి. ఆమ్లోడిపిన్ మోతాదు పెరిగితే కొందరికి పాదాలు వాస్తాయి. సన్నని ధమనులు వదులై నీరు బయటికి ఊరడం వల్ల వచ్చే వాపు అది, ఒంట్లో నీరు ఎక్కువై కాదు. అందుకే నీళ్ల మాత్ర వేసినా వాపు పెద్దగా తగ్గదు, ఒంట్లో నీరు తగ్గి కళ్లు మాత్రం తిరుగుతాయి. టెల్మిసార్టన్, నీళ్ల మాత్ర, డైక్లోఫెనాక్ మూడూ కలిసి కిడ్నీకి చేరే రక్తపు ఒత్తిడిని మూడు వైపుల నుంచి దెబ్బతీస్తాయి. ఎండాకాలం విరేచనాలు పట్టుకుంటే కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ ఒక్కసారిగా పెరగొచ్చు. డాక్టరు చేయాల్సింది డైక్లోఫెనాక్ ఆపడం, రెండు టెల్మిసార్టన్లలో ఒకటి తీసేయడం, ఆమ్లోడిపిన్ తగ్గించవచ్చేమో చూడటం, క్రియాటినిన్, పొటాషియం, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షించడం. విద్యార్థి చేయాల్సింది ఒక కాగితం మీద గళ్లు గీసి మందు అసలు పేరు, మోతాదు, ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, దేనికి రాశారు, నిజంగా వేసుకుంటోందా అని నింపడం. ఆఖరి గడి నింపడానికే అన్నిటికన్నా ఎక్కువ సేపు పడుతుంది. ‘బీపీ నార్మలొచ్చిందని ఆపేశా’ అన్న మాట అక్కడే బయటికొస్తుంది. ఏ యాంజియో గదిలోనూ దొరకని చదువు ఇది.

ఎలక్టివ్ చెడిపోయేది కూడా ఎక్కువగా ఒకే రకంగా. రద్దీ ఓపీలో విద్యార్థిని బీపీ మిషన్ దగ్గర కూర్చోబెడతారు. క్యూలోంచి నడిచొచ్చిన మనిషికి వెంటనే కఫ్ (బీపీ పట్టీ) కట్టి చూస్తే అంకె తప్పుగా రావొచ్చు. అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, వీపు ఆనించి, కఫ్ గుండె ఎత్తులో ఉండేలా చేయి బల్ల మీద పెట్టించి, నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలి. అందరికీ ఇలా చూసే తీరిక డాక్టరుకు ఉండదు. కాబట్టి విద్యార్థికి పూటకు నలుగురు రోగుల్నే ఇవ్వాలి. ఒక్కొక్కరితో పావుగంట మాట్లాడి, డాక్టరుకు రెండు నిమిషాల్లో చెప్పాలి. ఆ తర్వాత విద్యార్థి ఎదుటే డాక్టరు మళ్లీ చూడాలి. ఒక్కో డాక్టరు దగ్గర ఇద్దరికి మించి ఉండకూడదు. పీహెచ్‌సీ అయితే జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్‌ఓ) కార్యాలయం నుంచి రాతపూర్వక అనుమతి ముందే ఉండాలి, మెడికల్ ఆఫీసరు నోటిమాట సరిపోదు.

అన్నిటికన్నా ముఖ్యం అదే రోగిని మళ్లీ చూడటం. 2023 ఏప్రిల్ 6న రాష్ట్రంలో ప్రారంభమైన ఫ్యామిలీ డాక్టర్ పద్ధతిలో పీహెచ్‌సీ వైద్యులు 104 వాహనంతో ఒక్కో ఊరికి నెలకు రెండుసార్లు వెళ్లాలని నియమం పెట్టారు. నాలుగు వారాల ఎలక్టివ్‌కు ఇంతకన్నా అనువైన ఏర్పాటు లేదు. మొదటి విడత మందుల సంచి చూసిన ఎనిమిది మందిని రెండో విడత వెతుక్కుని చూడాలి. మధ్యలో ఆశా కార్యకర్తతో కలిసి వాళ్ల ఇంటికి ఒకసారి వెళ్లాలి. ఉప్పుడబ్బా, నీళ్ల బిందె, ఇన్సులిన్ పెట్టే చోటు, అన్నీ అక్కడే తెలుస్తాయి.

దీన్నిబట్టి చూస్తే మన కాలేజీల ఎలక్టివ్‌ల గడువు గురించీ మాట్లాడాలి. 2019 పాఠ్యప్రణాళికలో ఎంబీబీఎస్ ఎలక్టివ్‌లకు నాలుగేసి వారాల రెండు విడతలు పెట్టారు, ఆ తర్వాత వాటిని పదిహేనేసి రోజులకు కుదించారు. థియేటర్‌లో నిలబడటానికి పదిహేను రోజులు చాలు. మార్చిన బీపీ మాత్ర పనిచేసిందో లేదో తేలడానికి చాలవు. నెల్లూరు, ఒంగోలు మెడికల్ కాలేజీలు ఒక పని చేయొచ్చు. ఎంబీబీఎస్ పిల్లలు మొదటి ఏడాది నుంచే గ్రామాల్లో కుటుంబాల్ని దత్తత తీసుకుంటున్నారు. క్లినికల్ ఎలక్టివ్ విడతను ఆ కుటుంబాల దగ్గరే, అదే పీహెచ్‌సీ డాక్టరు పర్యవేక్షణలో పెడితే పదిహేను రోజులకూ మూడేళ్ల పరిచయం తోడవుతుంది. విదేశాల్లో చదివే మన పిల్లల్ని వాళ్ల పక్కన కూర్చోబెట్టినా ఇద్దరికీ మేలే.

వేరే దేశాల పౌరులు మన దగ్గరికి వస్తే పద్ధతి వేరు. టూరిస్టు వీసా మీద వార్డులో నిలబెట్టకూడదు. బస ఇచ్చిన హాస్టల్ 24 గంటల్లోపు వాళ్ల వివరాలు అధికారులకు తెలపాలి. తెలుగు రాదు కాబట్టి తోడుగా ఒక ఇంటర్న్‌ను కేటాయించాలి. ఇటునుంచి బ్రిటన్, అమెరికాలకు ఎలక్టివ్ కోసం వెళ్లాలనుకునేవాళ్లు టీకాల లెక్క ఎనిమిది నెలల ముందే మొదలుపెట్టాలి. హెపటైటిస్-బి మూడు డోసులు 0, 1, 6 నెలల్లో పడతాయి. ఆ తర్వాత నెలా రెండు నెలలకు యాంటీబాడీ పరీక్ష చేయించుకుని, లీటరుకు 10 యూనిట్లకన్నా తక్కువ లేదని చూపించాలి. చిన్నప్పటి బీసీజీ టీకా వల్ల క్షయ కోసం చేసే మాంటూ చర్మపరీక్ష పాజిటివ్ రావొచ్చు కాబట్టి ఇగ్రా రక్తపరీక్ష మేలు. బ్రిటన్ విజిటర్ వీసా మీద చేసే ఎలక్టివ్‌లో జీతం ఉండదు, రోగికి చికిత్స చేయకూడదు.

చివరగా సర్టిఫికెట్. ‘ట్రైనింగ్’, ‘ఇంటర్న్‌షిప్’ అన్న మాటలు అందులో రాకూడదు. ‘క్లినికల్ అబ్జర్వర్‌షిప్, ఫ్యామిలీ మెడిసిన్’ అని రాసి, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎన్ని రోజులు హాజరు, ఎవరి పర్యవేక్షణలో అన్నది స్పష్టంగా పెట్టాలి. దానికి జత చేసే లాగ్‌బుక్‌లో రోగుల పేర్లు కాకుండా వరస నంబర్లే ఉండాలి. ఆ ఎనిమిది సంచుల కాగితాలు మొదటి రోజువీ, నాలుగో వారంవీ పక్కపక్కనే అతికించాలి.