నీటికి చోటిచ్చిన నగరం

గుజరాత్‌లోని కచ్ఛ్ రణ్‌లో ఖదీర్ అనే ఎత్తైన దిబ్బ ఉంది. దాని చుట్టూ కనుచూపు మేర ఉప్పు నేలే. ఇప్పటి లెక్కల ప్రకారం అక్కడ ఏడాదికి పడే వాన మామూలుగా 300 మిల్లీమీటర్ల లోపే. కరవు అనగానే మనకు గుర్తొచ్చే అనంతపురంలో కూడా సగటు 500 దాటుతుంది. హరప్పా కాలంలో వానలు కాస్త మెరుగ్గా ఉండి ఉండవచ్చు గానీ, ఏడాది పొడవునా పారే నది మాత్రం అప్పుడూ లేదు. అలాంటి చోట హరప్పా నాగరికతకు చెందిన ధోలావీరా నగరం దాదాపు 1500 ఏళ్లు నిలిచింది.

నగరానికి ఉత్తరాన మన్‌సర్, దక్షిణాన మన్‌హర్ అనే రెండు వాగులు ఉన్నాయి. వానాకాలంలో నాలుగు రోజులు పొంగి ఎండిపోయే వాగులవి. వాటికి రాతి అడ్డుకట్టలు వేసి వరద నీటిని నగరంలోకి మళ్లించారు. తూర్పు నుంచి పడమరకు నేల 13 మీటర్ల మేర వాలుగా ఉంటుంది. ఆ వాలును వాడుకుని, ఒకటి నిండితే దాని కింది దానిలోకి నీరు దిగేలా ప్రాకారం లోపల వరుసగా జలాశయాలు తవ్వారు. మధ్యలో వెడల్పాటి కట్టలు పోశారు. తూర్పు వైపు జలాశయం ఒక్కటే 73 మీటర్ల పొడవు, 29 మీటర్ల వెడల్పు, పది మీటర్లకు పైగా లోతు ఉంది. నీరు ఎంత అడుగంటినా దిగి తోడుకునేలా దానికి రాతి మెట్లు కట్టారు. కోట భాగంలో కురిసిన వాన కూడా వృథా పోలేదు. దాన్ని పట్టే భూగర్భ కాలువల్లో కొన్నింటిలో మనిషి నడిచి వెళ్లవచ్చు. అక్కడి బావి ఒరలో ఒక రాతి పలకపై చేంతాడు ఒరుసుకుని పడిన గాడి నేటికీ కనిపిస్తుంది.

పనితనం సంగతి అలా ఉంచి, మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసింది ఆ నగరం చేసిన కేటాయింపు. ప్రాకారం లోపలి స్థలం ఏ నగరానికైనా అన్నింటికంటే విలువైనది. అందులో పెద్ద భాగాన్ని వాళ్లు నీటికి వదిలేశారు. ఇళ్లు కట్టుకోగా చోటు మిగిలిపోయి కాదు, నీరు లేకపోతే ఇల్లుండీ లాభం లేదని తెలిసి.

ఆ నగరమూ చివరికి ఖాళీ అయింది. సుమారు 4200 ఏళ్ల కిందట మొదలైన రుతుపవనాల బలహీనత అందుకు ఒక కారణమని పరిశోధకులు భావిస్తున్నారు. ఆఖరి దశలో అక్కడ మిగిలినవాళ్లు గుండ్రటి గుడిసెల్లో బతికారు. కరవును ఎవరూ పూర్తిగా జయించలేరు. కానీ ఎన్నో తరాల పాటు దాన్ని తట్టుకోవచ్చు.

2021 జులైలో ధోలావీరాకు, మన రామప్ప గుడికి ఒకే వారంలో యునెస్కో వారసత్వ గుర్తింపు వచ్చింది. అప్పుడు గుడి శిల్పాల గురించి చాలా మాట్లాడుకున్నాం. గుడి పక్కనే కాకతీయుల కాలం నుంచి పొలాలు తడుపుతున్న చెరువు గురించి తక్కువే మాట్లాడుకున్నాం. మన పెద్దలకు తూము (పొలాలకు నీరు వదిలే దారి), అలుగు (నిండిన చెరువు పొర్లిపోయే చోటు), శిఖం (చెరువు నిండితే మునిగే నేల) అంటే ఏమిటో, వాటిని ఎందుకు ముట్టుకోకూడదో బాగా తెలుసు. మనం శిఖం భూముల్లో ప్లాట్లు వేశాం, నీరొచ్చే కాలువలను పూడ్చి రోడ్లు పోశాం. అందుకే హైదరాబాద్‌లో ఎండాకాలం వస్తే ట్యాంకర్ కోసం టెన్షన్, 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగితే విజయవాడ కాలనీల్లో పడవలు. రెండూ ఒక్క తప్పు ఫలితాలే. ఇది వాతావరణ మార్పు ఒక్కదాని మీదకు నెట్టేసే విషయం కాదు.

కోట్లు పెట్టి చెరువు కట్ట మీద పార్కులు, లైట్లు పెట్టడం కంటే ముందు చేయాల్సిన పని ఉంది. తొలకరి లోపే ప్రతి మున్సిపాలిటీ తన పరిధిలోని చెరువుల పూర్తి నీటిమట్టం హద్దులను, వాటికి నీరు తెచ్చే కాలువల సర్వే నంబర్లను వార్డు కార్యాలయాల్లో అందరికీ కనిపించేలా అతికించాలి. లేఅవుట్ ఫైలులో నీటిదారి మ్యాపు లేకపోతే ఆ ఫైలు కదలకూడదు. ఆ మ్యాపును తప్పుగా చూపి సంతకం పెట్టిన అధికారిపై చర్య ఉండాలి. కొన్నవాళ్ల ఇల్లు కూల్చి, అమ్మినవాళ్లను, అనుమతి ఇచ్చినవాళ్లను వదిలేసే పద్ధతి ఇకనైనా ఆగాలి.