ముంతలో ఉల్లిపాయ వద్దన్నది ఎవరు? తెర మీద ప్రేమకు తొలి జాడలు

హీరోయిన్ జుట్టు గాలికి లేస్తుంది, ఫ్రేము స్లో అవుతుంది, వెనక నుంచి వయొలిన్లు అందుకుంటాయి. ప్రేమ పుట్టేసిందని తెలుగు ప్రేక్షకుడికి వేరే చెప్పక్కర్లేదు. విశాఖలో తీస్తే ఫ్యాను అద్దె కూడా మిగులుతుంది. మధ్యాహ్నం దాటాక బీచ్ రోడ్డు మీద గాలి ఉచితం. ఇలా చాటింపు వేసే ప్రేమతో పేచీ లేదు, దశాబ్దాలుగా టికెట్లు తెగుతున్నది దాని మీదే. కాకపోతే ఆ చాటింపు విన్నాక చూసేవాడికి చేయడానికి పనేమీ ఉండదు. ఇద్దరి మధ్య ఏదో మొదలైందని ఆ పాత్రలకంటే ముందు తానే పసిగట్టినప్పుడు మాత్రం అదే ప్రేక్షకుడు సీట్లో నిటారుగా కూర్చుంటాడు. అలా పసిగట్టే అవకాశం ఇచ్చే సీన్లు మన సినిమాల్లో తక్కువ. రాసేవాళ్లకు మనసు లేక కాదు, వాటి వెనక చేయాల్సిన లెక్క చేయక.

ఆ లెక్క ఇదీ. తొలి జాడ అంటే ఒక అలవాటు తప్పడం. రోజూ ఒకేలా చేసే పనిని మనిషి ఒకరోజు ఇంకొకరి కోసం కొంచెం మార్చి చేస్తాడు, మార్చినట్టు తనకే తెలియదు. స్క్రిప్టులు పప్పులో కాలేసేది ఇక్కడే: అలవాటు చూపించకుండానే అది తప్పినట్టు చూపిస్తారు. ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే కుర్రాడు ఆమె కోసం ముందే వచ్చి నిలబడ్డాడంటే, అతను ఆలస్యంగా రావడం అంతకుముందు కనీసం 2 సార్లు మన కళ్లతో చూసి ఉండాలి. ఒకసారి చూస్తే అది ఆ రోజు సంగతి, రెండోసారి చూస్తేనే స్వభావం. పైగా ఆ రెండూ ప్రేమ వాసన తగలని చోట రావాలి, కామెడీ సీన్లోనో, ఇంట్లో తండ్రి తిట్లలోనో.

ఒక సీను అల్లి చూద్దాం. ఆర్కే బీచ్, ముంత మసాలా బండి, నలుగురు స్నేహితులు. మరమరాలు, ఉల్లిపాయ ముక్కలు, టమాటా, కారం, నిమ్మరసం కలిపి పొట్లం కట్టి, తినడానికి అట్టముక్క గుచ్చి ఇస్తాడు బండివాడు. వాళ్లలో హీరో ఉద్యోగం గురించి గట్టిగా వాదిస్తుంటాడు. ఫ్రేములో ఓ పక్కన హీరోయిన్ అట్టముక్కతో ఉల్లిపాయలు ఏరి కాగితం అంచుకు నెట్టేస్తుంటుంది. కెమెరా దాన్ని పట్టించుకోదు, అతను చూసినట్టు కూడా మనకు కనిపించదు. రెండోసారి హోటల్లో పెసరట్టు మీద అదే పని. అప్పుడూ ఎవరూ ఏమీ అనరు. మధ్యలో వేరే కథ నడుస్తుంది, ఓ ఫైటు కూడా రావచ్చు. మూడోసారి మళ్లీ బండి దగ్గర, అతను ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూనే బండివాడితో "ఒకదాంట్లో ఉల్లిపాయ వద్దు" అంటాడు. ఆమె వైపు తిరగడు. ఫోన్లో మాట ఆగదు. ఆమె ఒక్కసారి తలెత్తి అతన్ని చూసి, మళ్లీ పొట్లంలోకి చూస్తుంది.

సీను అంతే. చెడగొట్టడానికి దారులు మాత్రం బోలెడు. మొదటిసారే ఉల్లిపాయల మీద క్లోజ్ (బాగా దగ్గరి షాట్) వేస్తే ఇది తర్వాత పనికొస్తుందని బోర్డు పెట్టినట్టే. "నాకు ఉల్లిపాయ పడదని నీకెలా తెలుసు?" అని ఆమె చేత అడిగిస్తే, ప్రేక్షకుడు సొంతంగా కట్టుకున్న లెక్కను మాస్టారు బోర్డు మీద రాసి చూపించినట్టు అవుతుంది. పక్కనున్న ఫ్రెండు "ఏటిరా, సంగతేటి?" అని కన్ను గీటితే ఇంకా అన్యాయం. మొదటికీ మూడోదానికీ మధ్య ఎడం మరీ తక్కువైతే తెలివితేటలుగా కనిపిస్తుంది, మరీ ఎక్కువైతే గుర్తే ఉండదు. 15 నుంచి 20 నిమిషాల ఎడం సాధారణంగా నిలుస్తుంది.

ఇక మాట. మీరు నుంచి నువ్వుకు దిగడం మనకు బాగా తెలిసిన మలుపే. దాన్ని డైలాగు పెట్టి మరీ చెప్పిస్తారు: "ఇకనుంచి నువ్వు అనొచ్చు." అది ఒప్పందం. జాడలన్నీ ఆ ఒప్పందానికి ముందే ఉంటాయి. మీరు అనడానికి మనసొప్పక, నువ్వు అనడానికి ధైర్యం చాలక, మనవాళ్లు కొన్నాళ్లు రెండూ ఎగ్గొడతారు. "తిన్నారా" పోయి "భోజనం అయిందా" వస్తుంది. "ఎప్పుడొచ్చారు" అనాల్సినచోట "రావడం ఇప్పుడేనా". "రేపు వస్తారా" అనకుండా "రేపు కుదురుతుందా". ఆఫీసుల్లో, కాలేజీల్లో, మేడ మీద అద్దెకు దిగిన వాటాల్లో రోజూ జరిగేదే, సినిమాలో మాత్రం అరుదుగా వింటాం. చేయడం కష్టం కాదు. ఇద్దరి సీన్లూ వరసగా పెట్టుకుని, మధ్యలో 2 సీన్లలో "అండి"లూ "రు"లూ అన్నీ ఏరిపారేసి, ఎవరినీ సంబోధించకుండా నడిచే వాక్యాలు వేయాలి. ప్రేక్షకుడు దాన్ని పేరుపెట్టి గుర్తించకపోయినా ఇబ్బంది మాత్రం చెవికి తెలుస్తుంది.

దానికి పైమెట్టు, నోరుజారడం. రుషికొండ దగ్గర నీళ్లలో నిలబడ్డారు, పెద్ద అల వచ్చింది. "వెనక్కి రా!" అని అరుస్తాడు. అల పోయాక "మీ చెప్పులు తడిసిపోయాయి" అంటాడు. మళ్లీ మీరు. ఆమె నవ్వాలా వద్దా అన్నది నటికి వదిలేయవచ్చు. గాజువాక కుర్రాడైతే ఇంకో పొర ఉంటుంది. ఇంట్లో "ఏటి", ఆఫీసులో "ఏమిటి" అనే మనిషికి ఆమె ముందు ఓ రోజు "ఏటి" జారిపోయి, దాన్ని సర్దుకోకపోతే చాలు, పేజీ డైలాగు చేయలేని పని అది చేస్తుంది. కానీ ఉత్తరాంధ్ర యాసను కమెడియన్‌కూ పనిమనిషికీ రాసిచ్చేసి, విశాఖలోనే పుట్టిపెరిగిన హీరో చేత వేరే జిల్లా భాష మాట్లాడించడం మనవాళ్లకు అలవాటైపోయింది. యాసే లేని నోటికి జారడానికి ఏముంటుంది?

కెమెరా దగ్గరికి వద్దాం. ఇద్దరు మాట్లాడుకునే సీనును మామూలుగా మాస్టర్ (ఇద్దరూ కనిపించే మొత్తం షాట్), ఆపైన సజెషన్లు (ఒకరి భుజం మీదుగా ఎదుటివాళ్లను చూపే షాట్లు), క్లోజులు తీసి పెట్టుకుంటారు. అన్ని సీన్లలో అన్నీ వాడేయడంతో దగ్గరతనానికి కొలత పోతుంది. మొదటి పరిచయాల్లో భుజం కనిపించని విడి షాట్లు పెట్టండి, ఎవరి ఫ్రేము వాళ్లది. సజెషన్ దాచుకోండి. ఎదుటివాళ్ల భుజం తొలిసారి ఫ్రేములోకి వచ్చిన సీను నుంచే ఇద్దరూ ఒక చోట ఉన్నట్టు అనిపిస్తుంది. లుక్, అంటే చూపు పోయే దిశ సంగతీ అంతే: ఎదుటి మనిషి లెన్సుకు దూరంగా నిలబడితే చూపు పక్కకు పోతుంది, లెన్సు అంచుకు ఆనుకుని నిలబడితే చూపు మన మీదికొస్తుంది. సీను సీనుకూ ఆ ఎడం ఒక జానెడు తగ్గిస్తూ పోతే, ఎందుకో తెలియకుండానే మనకు వాళ్లు దగ్గరవుతారు.

దీన్నంతా పాడుచేసే చిన్న సంగతొకటి ఉంది, ప్రాంప్టింగ్. తెలుగు రాని నటికి అసిస్టెంటు పక్క నుంచి డైలాగు అందిస్తుంటాడు. జవాబుకు ముందు అర సెకను తటపటాయింపు తొలిప్రేమకు ప్రాణం. ఇక్కడ ఆ అర సెకనులో నటి చూపు ఎదుటివాడి మీద ఉండదు, చెవి ప్రాంప్టర్ వైపు ఉంటుంది. కళ్లు ఒక వెంట్రుకంత పక్కకు జరుగుతాయి. పెద్ద తెర మీద అది దొరికిపోతుంది. ఇలాంటి సీనుకు డైలాగు 4 మాటలు దాటకుండా రాసి, ముందురోజే బట్టీ పట్టించి, ఆ ఒక్క షాటుకు ప్రాంప్టింగ్ ఆపేయడం తప్ప మందు లేదు.

విశాఖ తీరానికి తనదైన సాయమూ ఉంది, తనదైన పేచీ కూడా. సముద్రం తూర్పున ఉంది కాబట్టి సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడు, ఊరి వెనక కొండల్లోకి దిగుతాడు. ఆర్కే బీచ్‌లో సముద్రం మీద సూర్యాస్తమయం అని చూపిస్తే అది తెల్లవారుజామున తీసిన షాటే. వెనకాల వాకింగ్‌కు వచ్చిన పెద్దమనుషులు కనిపిస్తే ఊరివాళ్లు హాల్లోనే నవ్వుతారు. అసలు సాయంత్రం వెలుగే ఈ సీన్లకు మేలు. ఎండ భవనాల చాటుకు పోయాక సముద్రం వైపు తిరిగిన ముఖాల మీద ఆకాశం వెలుగు మెత్తగా పడుతుంది, కళ్లు చిట్లించక్కర్లేదు. డిసెంబరులో ఐదున్నర కల్లా సూర్యుడు దిగిపోతాడు కాబట్టి, చూపుల షాట్లు ముందు పెట్టుకుని నడక షాట్లు తర్వాతకు వదలాలి. అలల హోరు డైలాగును మింగేస్తుంది, ఎలాగూ డబ్బింగ్ తప్పదు. అయితే ఆ హోరును కథలోకి తెచ్చుకోవచ్చు. వినపడక ఆమె అతని వైపు వంగడానికి అంతకంటే మంచి సాకు ఏముంది? వంగిన మనిషి మాట అయిపోయాక కూడా అక్కడే ఉండిపోతే అదీ జాడే. డబ్బింగులో మాత్రం స్టూడియో గొంతుతో నింపాదిగా చెప్పించి, పెదాలు కలిస్తే చాలనుకుంటారు. హోరు మీద కాస్త గొంతు పెంచి, దగ్గరయ్యాక తగ్గించకపోతే ఆ వంగడానికి అర్థం ఉండదు.

స్కూటర్ సీన్లలో బ్రేకు వేస్తే ఆమె అతని వీపు మీద పడటం జాడల్లోకి రాదు, అది ఆమె చేసిన పని కాదు కదా. వెనక కూర్చున్నప్పుడు హ్యాండుబ్యాగు ఎక్కడుందో చూడండి. మొదట ఇద్దరి మధ్య గోడలా ఉంటుంది. కైలాసగిరి ఎక్కుడు మీదో, సింహాచలం ఘాట్ రోడ్డు మీదో ఓ రోజు ఆ బ్యాగు అవతలి భుజానికి మారుతుంది. తాకాల్సిన పనే లేదు.

ఈ ఊళ్లో తీసిన రెండు సినిమాలు ఇలాంటి పొదుపును కష్టం మీద సంపాదించుకున్నాయి. 1978లో కె.బాలచందర్ రంగుల కాలంలో నలుపు తెలుపులో తీసిన 'మరోచరిత్ర'లో కమల్ హాసన్ తమిళ కుర్రాడు, సరిత తెలుగమ్మాయి. పక్కపక్క ఇళ్లు, ఒకరి భాష ఒకరిది కాదు. మాట సాయం తగ్గిపోయేసరికి చూపు, నవ్వు, చేతులు పని అందుకోక తప్పలేదు. 2018లో వెంకటేష్ మహా తీసిన 'కేరాఫ్ కంచరపాలెం'లో మద్యం దుకాణంలో పనిచేసే 'గడ్డం' అనే పాత్ర, ముఖం కప్పుకుని వచ్చే సలీమాను ప్రేమించేది కళ్లు మాత్రమే చూసి. నటుడికి ముఖం దక్కకుండా చేస్తే మిగిలిన కళ్లు ఎంత మోయగలవో అక్కడ తెలుస్తుంది. పైగా దుకాణం అంటేనే అలవాట్ల చోటు: వచ్చే వేళ, అడిగే సరుకు, చిల్లర అందుకునే చేయి. తప్పడానికి అలవాట్లు అక్కడ సిద్ధంగా ఉంటాయి. అదే సినిమాలో అటెండరు రాజు, ఆఫీసరు రాధల మధ్య హోదా తేడా కూడా అదే పని చేసింది. కూర్చునే ఆవిడకూ నిలబడే ఆయనకూ మధ్య ఏ చిన్న మార్పైనా లెక్కలోకి వచ్చేస్తుంది.

జాడలు ఇద్దరివీ కావాలి అన్నది మన రచయితలు సౌకర్యంగా మరిచిపోయే విషయం. అతను బస్టాపు దగ్గర కాపు కాయడం, కాలేజీ గేటు దాకా వెంట రావడం అతని మనసును చెబుతాయేమో గానీ ఆమె గురించి ఏమీ చెప్పవు. 2013 నుంచి వెంటపడటం చట్టంలో ప్రత్యేక నేరం. మన లవ్ ట్రాకుల్లో మాత్రం ఇంకా అర్హత పరీక్షే. సులువైన తనిఖీ ఒకటుంది. అతని షాట్లన్నీ పక్కన పెట్టి, పాట వచ్చేలోపు ఆమె తనంతట తాను మార్చుకున్న పనులు మాత్రం రాసుకోండి. కాగితం ఖాళీగా ఉంటే ఆ పాట ఆమెది కాదు.

టైముతోనూ చిక్కే. 150 నిమిషాల సినిమాలో హీరోయిన్ 15వ నిమిషంలో వచ్చి, డ్యూయెట్ 40వ నిమిషంలో పడితే మధ్యలో ఉన్నవి 25. ఫైటు, కామెడీ, విలన్ పరిచయం పోగా వీళ్లిద్దరికీ మిగిలేది 10, 12 నిమిషాలు, అంటే 4 లేదా 5 సీన్లు. అలవాటు వేయడానికి విడిగా సీన్లు దొరకవు కాబట్టే వాటిని మిగతా ట్రాకుల్లో కలిపేయాలి.

తర్వాత ఎడిట్ టేబుల్. 24 ఫ్రేములకు ఒక సెకను. డైలాగు ముగిసిన 6, 8 ఫ్రేములకే కట్ చేస్తే అది సమాచారం. 30 ఫ్రేముల దాకా నిలబెడితే ఆ మనిషి ఏదో అనుకుంటున్నట్టు. 60 దాటిస్తే నటిస్తున్నట్టు. రీరికార్డింగ్‌లో, అంటే నేపథ్య సంగీతం వేసేటప్పుడు, ప్రేమ థీమ్‌ను జాడ పడిన సీనులో కాకుండా ఆ తర్వాతి సీనులో, ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు మొదలుపెట్టమనాలి. బండి దగ్గర అలల చప్పుడు, గరిటె చప్పుడు చాలు. రిలీజ్ అయ్యాక లెంగ్త్ ఎక్కువైందని 8 నిమిషాలు కోసేటప్పుడు మొదట ఎగిరిపోయేవి "ఏమీ జరగని" సీన్లే, అంటే అలవాటు చూపించినవి. వాటిని తీసేసి తప్పడం మాత్రం ఉంచితే హాల్లో ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఎడిటర్ దగ్గర ఉండే కాగితంలో ఈ సీన్ల నంబర్లు జతలుగా రాసిపెట్టుకోవాలి. మొదటిది తీస్తే మూడోదీ తీసేయాల్సిందే.