ఆ 13-0 స్కోరుకు, జట్లు పెంచడానికి సంబంధం లేదు

2031 మహిళల ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌ను 48 జట్లతో ఆడిస్తామని ఫిఫా ప్రకటించినప్పటి నుంచి ఒక వాదన తెగ షేర్ అవుతోంది. "జట్లు పెంచితే గ్రూప్ మ్యాచ్‌లు ఏకపక్షమైపోతాయి. థాయ్‌లాండ్‌పై అమెరికా 13-0 గుర్తులేదా? పెద్ద జట్లకు అది ప్రాక్టీసు, చిన్న జట్లకు పరువు తక్కువ" అని దాని సారాంశం. ఇందులో ఏ ముక్కా నిలబడదు.

ముందు ఆ 13-0 సంగతి. అది 2019లో, 24 జట్లే ఉన్నప్పుడు జరిగింది. 2007లో ఉన్నవి 16 జట్లే, అయినా అర్జెంటీనాను జర్మనీ 11-0తో ఓడించింది. 32 జట్లు ఆడిన 2023లో అన్నిటికన్నా పెద్ద తేడా వియత్నాంపై నెదర్లాండ్స్ 7-0. 2022 పురుషుల కప్‌లో కోస్టారికాపై స్పెయిన్ కొట్టినవీ ఏడే. మరి అది చూసి పురుషుల జట్లు తగ్గించమని వీళ్లు అడిగారా?

పెద్ద జట్లకు ప్రాక్టీసు అంటున్నారు. 2023లో జర్మనీ, బ్రెజిల్, ఒలింపిక్ చాంపియన్ కెనడా గ్రూప్ దశలోనే ఇంటిదారి పట్టాయి. జమైకా మూడు మ్యాచ్‌ల్లో ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా నాకౌట్‌కు వెళ్లింది. పోర్చుగల్‌తో ఆడినప్పుడు అమెరికాకు ప్రాణం మీదికొచ్చింది. ఇంజురీ టైమ్‌లో అనా కపేటా కొట్టిన బంతి గోల్‌పోస్టుకు తగిలింది కాబట్టి బతికిపోయింది.

ఇక పరువు మాట. మొరాకో మొదటిసారి వచ్చింది, ర్యాంకు 72. తొలి మ్యాచ్‌లోనే జర్మనీ చేతిలో 6-0తో చిత్తయింది. అక్కడితో ఆ జట్టు పని అయిపోలేదు. దక్షిణ కొరియాను 1-0తో, కొలంబియానూ 1-0తో ఓడించింది. పెర్త్‌లో తమ మ్యాచ్ ముగిసినా మొరాకో అమ్మాయిలు మైదానం వదల్లేదు. బ్రిస్బేన్‌లో జర్మనీ, కొరియాల ఇంజురీ టైమ్ ఇంకా నడుస్తోంది, అందులో జర్మనీ గెలిస్తే మొరాకో ఇంటికే. అందరూ ఫోన్ చుట్టూ మూగి ఊపిరి బిగపట్టి నిలబడ్డారు. అది 1-1తో ముగిసిందని తెలిసిన క్షణాన కేకలు, ఏడుపులు! ఆరు గోల్స్ కొట్టిన జర్మనీ ఇంటికి, తిన్న మొరాకో తర్వాతి రౌండ్‌కు.

వియత్నాం మూడూ ఓడిన మాట నిజమే, ఒక్క గోల్ కూడా కొట్టలేదు. కానీ థాయ్‌లాండ్‌పై 13 కొట్టిన అమెరికా ఈ జట్టుపై మూడుతోనే సరిపెట్టుకుంది. ఆ మ్యాచ్‌లో అలెక్స్ మోర్గాన్ పెనాల్టీని వియత్నాం గోల్‌కీపర్ కిమ్ థాన్ ఆపేసింది. ఇందులో పరువు పోయిందెక్కడ?

48 జట్ల మీద నాకూ ఒక అభ్యంతరం ఉంది, కానీ అది వేరు. 2023లో గ్రూపుకు రెండు జట్లే ముందుకెళ్లాయి. అందుకే నాలుగేసి పాయింట్లతో మూడో స్థానంలో ఆగిన జర్మనీ, బ్రెజిల్, కెనడా బయటపడ్డాయి. రేపు 12 గ్రూపులు పెట్టి, నాకౌట్‌కు 32 జట్లు కావాలంటే మూడో స్థానంలో నిలిచినవాటిలో ఎనిమిదింటిని తీసుకోవాలి. ఆ లెక్కన నాలుగు పాయింట్ల పెద్ద జట్టు దాదాపుగా గట్టెక్కినట్టే. ఫిఫాను నిలదీయాల్సింది దాని మీద.